గట్టు కూడా తీసేస్తారా?

ఆ ఎండాకాలం మా అత్తగారు నాతో ఇంట్లో మాట్లాడడం మానేసి, ఫోన్లో మాట్లాడడం మొదలుపెట్టారు.

ఇంట్లో పలుకే బంగారం. కూర వడ్డిస్తే చాలన్నట్టు చెయ్యి అడ్డం పెట్టేవారు. టీ ఇస్తే గోడవైపు చూస్తూ అందుకునేవారు. మధ్యాహ్నం భోజనాలయ్యే వేళకి నేను మా ఊరి నీళ్ళాఫీసులో, చెవులకి ఫోను తగిలించుకుని కూర్చుని ఉండేదాన్ని. సరిగ్గా అప్పుడు ఆవిడ ఆ ఆఫీసుకే ఫోన్ చేసి, "నీళ్ళాఫీసేనా అమ్మాయ్?" అని ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషిని అడిగినట్టు అడిగేవారు. నేనూ అలాగే, "అవునండీ, చెప్పండి" అనేదాన్ని. ఇద్దరికీ ఇద్దరం తెలుసు. తెలుసని ఎవరం బయటపడలేదు.

ఇదంతా ఎక్కడ మొదలైందంటే, ఆ ఏడాది ఊరంతా కొత్త పైపులు వేశారు. వీధి కుళాయి దగ్గర పట్టుకునే ఇళ్ళన్నిటికీ ఇక ఇంట్లోకే నీళ్ళొస్తాయని మైకు బండి ఊరంతా తిరిగింది. సందేహాలుంటే ఫోన్ చెయ్యమని మూడంకెల నంబరొకటి చెప్పింది. సందేహాలు లేని ఇల్లు ఏముంటుంది? జవాబులు చెప్పడానికి ఎండాకాలం మటుకు ఆడవాళ్ళు కావాలన్నారు. పదో తరగతి చాలన్నారు. నాది సరిగ్గా అంతే.

మావారికి స్టవ్వులు బాగుచేసే కొట్టుంది. "వెళ్తావా? వెళ్ళు. నాతో వాదించే ఓపికంతా ఊరికి పనికొస్తుంది" అన్నారు నవ్వుతూ. అత్తగారు మాత్రం, "ఈ ఎండాకాలమే కదా" అన్నారు. అది ఒప్పుకోవడమో, గడువు పెట్టడమో నాకు తెలియలేదు. ఒప్పుకోవడమే అనుకుని చెప్పులేసుకున్నాను.

మా గది పాత మోటార్ల గది. గోడలకి ఇంకా నూనె మరకలుండేవి. ఓ ఫ్యాను, రెండు బల్లలు, బల్లకో ఫోను. రెండో బల్ల దగ్గర కళ్ళద్దాల అమ్మాయొకతె కూర్చునేది. అప్పుడే చదువైపోయిన పిల్ల, నన్ను అక్కా అనేది. ఎదురుగా గోడకి పెద్ద అట్ట. దాని మీద జనం తరచుగా అడిగే ప్రశ్నలూ, పక్కనే వాటి జవాబులూ లావుపాటి అక్షరాలతో రాసి ఉండేవి.

సూపర్‌వైజరు గారు మొదటి రోజే నియమాలు చెప్పారు. ఎవరినైనా మీరూ అనే పిలవాలి. తెలియదు అనకూడదు, కనుక్కుని చెప్తాం అనాలి. అన్నిటికన్నా ముఖ్యం, అవతలివాళ్ళు ఫోన్ పెట్టేసేదాకా మనం పెట్టకూడదు.

"తిడితేనో సార్?" అంది కళ్ళద్దాల అమ్మాయి.

"తిట్లు అయ్యాకయినా పెట్టేస్తారు కదమ్మా. అప్పటిదాకా వినాలి."

అట్ట మీద లేని ప్రశ్న వస్తేనో అని నేనడిగాను.

"ఒకరిద్దరు అడిగితే మీరే ఏదోలా సర్దిచెప్పండి. అదే ప్రశ్న చాలామంది అడిగితే నాకు చెప్పండి. ఇంజనీరు గారికి పంపి జవాబు తెప్పిస్తాను. అది అట్టెక్కుతుంది. అట్టెక్కిందంటే ఆఫీసు మాటన్నట్టే. ఇక దాన్ని ఎవరూ కాదనడానికి వీల్లేదు."

రోజూ పొద్దున ఫోను ముట్టుకునే ముందు కళ్ళు మూసుకుని, దేవుడా, ఈ పూట ఎవరిమీదా విసుక్కోకుండా చూడు అనుకునేదాన్ని. ఆయన చాలా రోజులు చూశాడు. కొన్ని రోజులు వేరే పనిలో ఉన్నట్టున్నాడు.

అబ్బో, ఎన్ని ప్రశ్నలు! నీళ్ళు పాలలా తెల్లగా వస్తున్నాయి, మందు ఎక్కువ కలిపారా అని ఒకరు. మందు కాదండీ, గాలి; గ్లాసులో పట్టి కాసేపు ఉంచండి, అడుగునుంచి పైకి తేటపడతాయి అని నేను. ఆయన గ్లాసు పట్టి, ఫోను పట్టుకునే కూర్చున్నాడు. "సగం తేరాయి... ఇంకొంచెం తేరాయి..." అంటూ క్రికెట్ కామెంటరీలా చెప్పాడు. పూర్తిగా తేరుకున్నాక, "అవునమ్మా, నువ్వు చెప్పిందే నిజం" అని, నేనేదో మహిమ చేసినట్టు సంబరపడ్డాడు.

ఎర్రగా వస్తే? కొత్త పైపు తుప్పు, కాసేపు వదిలెయ్యండి. పై అంతస్తుకి ఎందుకెక్కవు? ఒత్తిడి చాలదండీ, కింద తొట్టి కట్టుకోవాలి. కుళాయిలన్నీ కట్టేసినా మీటరు ఎందుకు తిరుగుతోంది? ఎక్కడో కారుతోందండీ, ముందు మరుగుదొడ్డి తొట్టి చూడండి. ఈ మీటరు ప్రశ్న అడిగేది ఒక రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన రోజూ ఫోన్ చేసేవారు. తొట్టి బాగుచేయించాక కూడా చేసేవారు. "ఇప్పుడు తిరగడం లేదమ్మా" అని చెప్పడానికి.

ఇంకొకావిడ గొంతు తగ్గించి అడిగింది. "అమ్మా, మందు వాసన నీళ్ళతో దేవుడి దగ్గర పెట్టుకోవచ్చా?"

ఇది అట్ట మీద లేదు. నేనూ రోజూ ఆ నీళ్ళే పెడుతున్నాను, నాకూ ఎప్పుడో వచ్చిన సందేహమే. మూతలేని గిన్నెలో కాసేపు ఉంచితే వాసన పోతుందని చెప్పాను. తర్వాత ఉండబట్టలేక, "శుభ్రం చెయ్యడానికే కదండీ మందు వేసింది, ఆయనేమీ అనుకోడు" అన్నాను. ఆయన తరఫున నేనెలా చెప్పానా అని సాయంత్రం దాకా మనసు పీకింది. కానీ ఆవిడ తృప్తిగా ఫోన్ పెట్టేసింది.

సందేహాల పని బాగానే ఉంది. గొడవ ఇంట్లో మొదలైంది.

ఎండాకాలం చివరికల్లా వీధి కుళాయిలు తీసేస్తారని కబురొచ్చింది. ఆ మాట ఆఫీసులో విని ఇంట్లో చెప్పింది నేనే. మావారు మర్నాడే ఇంటి కుళాయికి పేరిచ్చొచ్చారు. పనివాళ్ళు వచ్చి గుమ్మం ముందు తవ్వి, మీటరు బిగించి, వంటింట్లో మెరిసే కుళాయొకటి పెట్టి వెళ్ళారు. నీళ్ళు ఇంకా వదల్లేదు. నాకు మటుకు ఆ కుళాయిని చూస్తుంటే కడుపు నిండింది.

అత్తగారు దాన్ని చూసి, "ఎవరడిగారు?" అన్నారు. ఆ ఎండాకాలం ఆవిడ ఇంట్లో నాతో అన్న ఆఖరి మాటలు ఆ రెండే.

ఆవిడకి మా వీధి మలుపులో ఉన్న కుళాయే కుళాయి. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి నీళ్ళు వదిలేవారు. చుట్టూ వెడల్పాటి సిమెంటు గట్టు, ఆడవాళ్ళ బిందెలు తగిలి తగిలి నున్నబడింది. ఆవిడ చంటిబిడ్డలా ఉండే చిన్న బిందె చంకనెత్తుకుని వెళ్ళేవారు. ఇంట్లో పెద్ద బిందె ఉండగా చిన్నదాంతో నాలుగుసార్లు తిరగడమేమిటని నేను చాలాసార్లు అడిగాను. "పెద్దది నడుం లాగేస్తుంది" అనేవారు. మోకాళ్ళ నొప్పులతో నాలుగుసార్లు తిరిగితే లాగేయదా అని మనసులో అనుకునేదాన్ని. మొండితనం అనుకునేదాన్ని.

మొదటిసారి ఫోన్ వచ్చినప్పుడు నేను దాదాపు కుర్చీలోంచి లేచాను.

"నీళ్ళాఫీసేనా అమ్మాయ్?"

ఆ గొంతు వింటూ ఎన్నేళ్ళుగా కాపురం చేస్తున్నాను! అత్తయ్యా అనబోయి, ఎందుకో ఆగాను. "అవునండీ, చెప్పండి" అన్నాను.

"మా వీధి కుళాయి ఎందుకు తీసేస్తున్నారు?"

"అందరికీ ఇంట్లోకే ఇస్తున్నామండీ. ఇక వీధి కుళాయి అవసరం ఉండదు కదండీ."

"అవసరం ఉండదని ఎవరు చెప్పారు?"

"ఇంట్లో కుళాయుంటే మీకు ఎంత సుఖమండీ..."

"సుఖం సంగతి నేనడగలేదు. ఉంచడానికేమైనా వీలుందా?"

"కనుక్కుని చెప్తానండీ."

"కనుక్కో. రేపు ఇదే వేళకి చేస్తాను." టక్కున పెట్టేశారు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుని ఆవిడ ఎదురుగా నిలబడ్డాను. ఆవిడ బట్టలు మడతపెడుతున్నారు. నా వంక చూడనైనా చూడలేదు. సరే, కనుక్కుని రేపే చెప్దాం అనుకుని వంటింట్లోకి వెళ్ళాను.

మర్నాడు అదే వేళకి ఫోను మోగింది. వీలు లేదంటున్నారండీ అన్నాను. "తెలుసులే" అన్నారు. ఇక పెట్టేస్తారనుకున్నాను. పెట్టలేదు.

"మా కోడలు కూడా మీ నీళ్ళాఫీసులోనే చేస్తుంది" అన్నారు.

"అలాగాండీ. మరి ఆవిడనే అడక్కపోయారా?"

"అడగను."

"ఎందుకండీ?"

"ఇంట్లో అడిగితే అడిగినట్టు ఉంటుంది. ఇక్కడైతే నేను కస్టమర్ని."

పక్క బల్లనుంచి కళ్ళద్దాల అమ్మాయి నా మొహం చూసి, ఎవరక్కా అని చేత్తో అడిగింది. కస్టమరే అని నేనూ చేత్తోనే చెప్పాను.

అలా రోజూ వచ్చేది ఆ ఫోను. మొదట నీళ్ళ ప్రశ్న ఒకటి అడిగేవారు, మర్యాదకి. ఇంటి కుళాయి పిడి ఊడితే ఎవర్ని పిలవాలి, మీటరుకి ఎండ తగిలితే పాడవుతుందా, ఇలాంటివి. తర్వాత అసలు సంగతిలోకి వచ్చేవారు. ఎదురింటావిడ కూతురికి కాన్పయిన సంగతి. మోకాలి నొప్పి ఎడమనుంచి కుడికి మారిన సంగతి. ఇంట్లో నా పక్కనే ఉన్నా నాకు తెలియని సంగతులు ఇక్కడ, రెండు వీధుల అవతల, చెవిలో పడేవి.

ఒకరోజు, "మా కోడలు మంచిదే. కానీ కూరలో ఉప్పు తక్కువేస్తుంది" అన్నారు.

"ఉప్పు మా ఆఫీసు కిందికి రాదండీ."

"నీ వయసుదే. నీకు అర్థమవుతుందని చెప్తున్నాను."

"మీకు బీపీ ఏమైనా ఉందాండీ?"

"ఉందనుకో. అయినా మరీ అంత చప్పగానా?"

ఆ రాత్రి కూరలో చిటికెడు ఎక్కువేశాను. ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తినసాగారు. చెయ్యి అడ్డం పెట్టకుండా ఇంకాస్త వేయించుకున్నారు. మాట మాత్రం లేదు. మావారు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఇంకా ఎన్నాళ్ళు ఈ అలక? మధ్యలో నేను చస్తున్నాను" అన్నారు. మేమిద్దరం ఆయన కంచంలో ఇంత కూర వేశాం.

దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ ఒకోసారి అనుకునేదాన్ని, ఆయనా ఇలాగే కూర్చుని వింటుంటాడేమో, అవతలివాళ్ళు పెట్టేసేదాకా తను పెట్టకుండా. అయితే ఆయన అట్ట మీద నా ప్రశ్నలకి జవాబులున్నాయా, ఆయనా కనుక్కుని చెప్తానంటున్నాడా?

కొత్త పైపుల్లో నీళ్ళు వదిలి చూస్తామని చెప్పిన రోజు, మావారు కొట్టుకి బయల్దేరుతూ వంటింటి కుళాయి తిప్పి చూశారు. బుస్సుమని గాలి తప్ప ఏమీ రాలేదు. వీధి కుళాయి అలవాటు కదా, అక్కడ చుక్క వచ్చేదాకా ఎవరూ కట్టరు, చప్పుడైతే పరుగెత్తుతారు. ఈయనా అలాగే తెరిచి వదిలేసి వెళ్ళిపోయారు. అత్తగారు మలుపులో ఉన్నారు. నేను ఆఫీసులో.

ఆ పూట ఫోను వేళకాని వేళ మోగింది.

"నీళ్ళాఫీసేనా అమ్మాయ్! ఇల్లంతా నీళ్ళు! గుమ్మం దాటి వీధిలోకి పోతున్నాయి. చాపలు తేలుతున్నాయి!"

నోటికి నేర్పిన మాటే వచ్చింది. "కంగారుపడకండి. మీ ఇంటి నంబరు చెప్పండి."

"ఇంటి నంబరా? నీ ఇల్లు నీకు తెలీదూ!"

కళ్ళద్దాల అమ్మాయి ఇటు తిరిగింది. నాకు నవ్వొచ్చింది, భయం కూడా వేసింది. "సరే. కుళాయి ఎవరు తెరిచి పెట్టారు?"

"నీ మొగుడు!"

"ముందు దాన్ని కట్టెయ్యండి."

"ఎంత తిప్పినా ఆగడం లేదు. నాకు ఎటు తిప్పాలో తెలిసి ఏడిస్తేగా! దాన్ని ఇప్పటిదాకా ముట్టుకుంటేగా నేను!"

"అయితే వదిలెయ్యండి. గుమ్మం పక్కన ఇనప మూత ఉంటుంది. ఎత్తితే లోపల మీటరు పక్కన చిన్న పిడి ఉంటుంది. దాన్ని అడ్డంగా తిప్పండి."

ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడు. నీళ్ళలో అడుగుల చప్పుడు. ఇనప మూత గీరుకున్న చప్పుడు. కాసేపటికి ఆయాసపడుతూ వచ్చారు.

"ఆగింది" అన్నారు. "ఆగిందే! నేనే ఆపాను."

"జాగ్రత్తండీ, తడిలో జారతారు. కూర్చోండి కాసేపు."

"కూర్చున్నాను." ఊపిరి సర్దుకుని, "వాడు రానీ, చెప్తాను వాడి పని" అన్నారు. ఉన్నట్టుండి కిసుక్కున నవ్వారు. "నీ పెళ్ళినాటి దిండు గుమ్మం దాటి ఎదురింటికి పోయింది. పురిటిబిడ్డని చూడ్డానికి వెళ్తున్నట్టే పోయింది" అన్నారు. నేనూ నవ్వు ఆపుకోలేకపోయాను. ఫోనుకి అటూ ఇటూ కూర్చుని కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వుకున్నాం.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి దండేల నిండా తడి బట్టలు. ఆవిడ, మావారు చెరో చీపురు పట్టుకుని నీళ్ళు ఊడుస్తున్నారు. నేను మూడో చీపురు తీసుకున్నాను. ఆవిడ మాట్లాడలేదు. నాకూ తొందరనిపించలేదు. రేపు ఫోన్ ఉందిగా.

మర్నాడు ఫోన్ చేసి మర్యాదకి నీళ్ళ ప్రశ్న కూడా అడగలేదు. నేరుగా అన్నారు.

"అమ్మాయ్, కుళాయి తీసేస్తామన్నారు, సరే. గట్టు కూడా తీసేస్తారా?"

నేను అట్ట వైపు చూశాను. అందులో గట్టు లేదు.

"గట్టుతో మీకు..." అనబోయి ఆగాను.

"బయటికెళ్ళాలంటే ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదమ్మా" అన్నారు నెమ్మదిగా. "నీకైతే ఆఫీసుంది."

నాకు ఆ చిన్న బిందె కళ్ళముందు కదిలింది. నాలుగుసార్లు తిరగడానికి చిన్నదే కావాలి. పెద్దదైతే ఒక్కసారికే ఇల్లు నిండిపోతుంది. పెళ్ళయి వచ్చిన రోజునుంచీ ఆవిడకి గుమ్మం దాటడానికి ఇంట్లో ఎవరూ కాదనలేని పని అదొక్కటే. అది ఆవిడ చేతిలోంచి పోయే కబురు తెచ్చింది నేను. కుళాయి చూసి కడుపు నిండిందీ నాకే.

"కనుక్కుని చెప్తానండీ" అన్నాను. ఈసారి ఆ మాట నోటినుంచి కాదు, ఇంకా లోపలినుంచి వచ్చింది.

సూపర్‌వైజరు గారిని అడిగితే, "గట్టా?" అన్నారు. "పగలగొట్టి చదును చేస్తారు. కాంట్రాక్టు అలాగే ఇచ్చారు. అయినా నీళ్ళ గురించి అడగమనండి, గట్ల గురించి కాదు."

"నీళ్ళ దగ్గరి గట్టే కదండీ."

"ఒక్కావిడ అడిగిందని ఇంజనీరు గారి దగ్గరికి ఎలా వెళ్ళమంటారు? ఏదోలా సర్దిచెప్పండమ్మా."

సర్దిచెప్పడానికి నాకు నోరు రాలేదు. మర్నాడు ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పాను. గట్టు పగలగొడతారన్నాను. ఏదైనా అడిగితే బాగుండుననిపించింది. అడగలేదు. అప్పుడు నేనే అన్నాను. "ఇది ఇప్పటిదాకా మీరొక్కరే అడిగారండీ. చాలామంది అడిగితే పైకి పంపుతారు. జవాబు అట్ట మీదికెక్కుతుంది. ఎక్కితే ఇక ఆఫీసు మాటే."

"చాలామందంటే?"

"చాలామందేనండీ."

"ఊఁ" అని పెట్టేశారు.

కస్టమరుకి ఆఫీసు పద్ధతి చెప్పడం తప్పా? తప్పు కాదనే అనుకున్నాను. అయినా ఆ పూట దణ్ణం కాస్త ఎక్కువసేపే పెట్టుకున్నాను.

ఆ మర్నాడు తెల్లారినప్పటినుంచీ ఫోన్లు. మొదట ఎదురింటావిడ. "గట్టు కూడా తీసేస్తారా?" అని పాఠం ఒప్పచెప్పినట్టు అడిగి, ఫోను పక్కకి తిప్పి, "అడిగాను. ఇంకేమైనా అడగాలా?" అంది. వెనకనుంచి బాగా తెలిసిన గొంతు, "అంతే, పెట్టెయ్. రెండోదాన్ని చెయ్యమను" అంది. రెండోది చేసింది. మూడోది చేసింది. మధ్యాహ్నానికి పక్కవీధి, సాయంత్రానికి మార్కెట్ వైపు వీధి కూడా అందుకుంది. లెక్కల మాస్టారు సైతం చేసి, "మీటరు బాగానే ఉందమ్మా. గట్టు సంగతి ఏమిటి? మా ఆవిడ అడగమంది" అన్నారు.

"అక్కా, ఏమిటీ గట్టు గోల పొద్దుటినుంచీ? తెల్లనీళ్ళూ లేవు, ఎర్రనీళ్ళూ లేవు, అందరూ గట్టే!" అంది కళ్ళద్దాల అమ్మాయి.

"చాలామంది అడుగుతున్నారని సార్‌కి చెప్పు" అన్నాను, బల్ల సర్దుకుంటూ.

"నేనెందుకు, నువ్వే చెప్పొచ్చుగా?"

"నీకొచ్చినవే ఎక్కువ."

ప్రశ్న ఇంజనీరు గారి దగ్గరికి వెళ్ళింది. జవాబు రాలేదు. ఈలోపు కుళాయిలు తీసేవాళ్ళు రానే వచ్చారు. మార్కెట్ వీధిలో మొదలుపెట్టారు. అక్కడ కుళాయి పీకి, సుత్తులతో గట్టు పగలగొట్టి, ముక్కలు బండికెత్తుకుపోయారు. అది విన్న రోజు అత్తగారు ఫోన్ చెయ్యలేదు. ఇంటికెళ్తే ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. మర్నాడు మా వీధి వంతు.

ఆ మర్నాడు నేను ఆఫీసుకి వెళ్ళాను గానీ మనసు మలుపు దగ్గరే ఉంది. ప్రతి ఫోనుకీ ఒకటి చెప్పబోయి ఇంకొకటి చెప్తున్నాను. ఎవరికో పై అంతస్తుకి నీళ్ళెక్కకపోతే కాసేపు గ్లాసులో ఉంచమన్నాను. ఎండ నడినెత్తికి వస్తుండగా సూపర్‌వైజరు గారు కాగితం ముక్కొకటి పట్టుకుని వచ్చి, స్టూలెక్కి, అట్ట అడుగున ఖాళీ ఉన్నచోట అతికించారు.

"ఇదిగో, వచ్చిందమ్మా మీ గట్టు జవాబు. కాంట్రాక్టరుకీ చెప్పేశారు. ఇక ఈ పేరెత్తకండి, నాకు కలలో కూడా గట్లే వస్తున్నాయి" అన్నారు.

ఆయన స్టూలు దిగకముందే ఫోను మోగింది.

"నీళ్ళాఫీసేనా అమ్మాయ్?" గొంతులో జీవం లేదు. వెనక ఇనుప సామాను దించుతున్న చప్పుడు. "వచ్చారు. కుళాయి విప్పుతున్నారు."

"మీ ప్రశ్నకి జవాబు వచ్చిందండీ. చదవమంటారా?"

"...చదువు."

"ప్రశ్న: గట్టు కూడా తీసేస్తారా? జవాబు: కుళాయి, పైపు మాత్రమే తొలగించబడును. గట్టు యథాతథంగా ఉండును."

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను.

"ఉండును అంటే ఉంటుందనేనా?"

"ఉంటుందనేనండీ. వాళ్ళకీ చెప్పారట. సుత్తి ఎత్తితే ఆఫీసుకి ఫోన్ చెయ్యమనండి. నేనే ఎత్తుతాను."

ఆవిడ ఫోను పక్కకి తిప్పకుండానే, "ఒరేయ్ అబ్బాయిలూ! గట్టు జోలికి పోకండి! అట్టెక్కింది!" అని అరిచారు. నా చెవి గింగురుమంది. హాయిగా గింగురుమంది.

మొదటి వానలు పడ్డాయి. ఫోన్లు తగ్గాయి. ఎండాకాలం అయిపోయినా ఈ నంబరు ఏడాది పొడుగునా ఉంటుందని, ఇష్టమైతే ఉండమని సూపర్‌వైజరు గారు అన్నారు. ఇంట్లో ఎలా చెప్పాలా అని నేను ఆలోచిస్తుండగానే, మధ్యాహ్నం వేళకి రావలసిన ఫోను వచ్చింది. మావారు ముందే చెప్పినట్టున్నారు.

"అమ్మాయ్, ఎండాకాలం అయ్యాక కూడా ఈ నంబరు పనిచేస్తుందట కదా?"

"చేస్తుందండీ."

"ఇదే గొంతుంటుందా?"

"ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకుంటే ఉంటుందండీ."

"ఒప్పుకుంటార్లే" అన్నారు. "పెట్టేస్తున్నాను. కుళాయి కింద బిందె నిండిపోతోంది."

నాకు సెలవు దొరికిన రోజు, వాన వెలిసిన సాయంత్రం. ఇంట్లో తొట్టి నిండింది, బిందెలు నిండాయి, చివరికి చెంబులు కూడా నిండాయి. పట్టాల్సింది ఏమీ మిగల్లేదు. వీధి కుళాయికి నీళ్ళు వదిలే వేళ అయింది. వదలడానికి కుళాయి లేదు. అత్తగారు గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. వెనక్కొచ్చారు. తల దువ్వుకున్నారు. మళ్ళీ గుమ్మం దగ్గరికి వెళ్ళారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒకదాన్నొకటి పట్టుకున్నారు.

అరుగు మీద స్టవ్వు విప్పుకుని కూర్చున్న మావారు తలెత్తారు. "ఎక్కడికమ్మా?"

ఆయన ఊరికే అడిగారు. అయినా ఏదైనా పని చెప్పి పంపుదామా, కొట్టునుంచి ఏమైనా తెమ్మందామా అని నాలుక చివరిదాకా వచ్చింది.

"కూర్చోడానికి" అన్నారు ఆవిడ.

"ఎక్కడ?"

"గట్టు మీద."

మావారు "ఊఁ" అని మళ్ళీ స్టవ్వులో తల దూర్చారు. అంతే. లోకమేమీ తలకిందులు కాలేదు. ఆవిడ మెట్టు దిగి, నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగారు. నా కళ్ళలోకి చూశారు.

"నువ్వు రావూ?" అన్నారు. ఫోన్లో కాదు. ఎదురుగా.

పొయ్యి మీది గిన్నె దించి, ఉన్నపాటున వెళ్ళాను. పక్కపక్కనే నడిచాం.

మలుపులో కుళాయి ఉన్నచోట సిమెంటుతో పూడ్చిన గుండ్రటి మచ్చ ఒకటుంది. గట్టు వానకి కడిగినట్టుంది. అప్పటికే నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. ఎవరి దగ్గరా బిందె లేదు. ఎదురింటావిడ నన్ను చూసి ఆశ్చర్యపోయింది. ఇన్నేళ్ళలో నేను అక్కడికి ఎప్పుడూ పరుగున వెళ్ళి, పట్టుకుని, పరుగున వచ్చేదాన్నేగాని, ఆగిందెప్పుడు?

"నువ్వేమిటమ్మా ఇలా వచ్చావు? ఆఫీసు పని మీదా?" అంది.

"పనేం లేదు, నాతో వచ్చింది" అన్నారు మా అత్తగారు. "నువ్వు కాస్త జరుగు."

ఆవిడ జరిగింది.